మెరుగైన సీటు కోసం ఎదురుచూసే రోజుల్లో ఖర్చును, పేరును తూచుకోవడం ఎలా

తెలంగాణలో ఇంజినీరింగ్ ప్రవేశాలకు రాసే ఎప్‌సెట్‌లో ర్యాంకు వచ్చిన మర్నాడు మా ఇంట్లో కాలేజీల పేర్లు ఎవరూ ఎత్తలేదు. మా అమ్మాయిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, పాలవాడి లెక్కలు రాసుకునే నోటుపుస్తకంలో ఒక ఖాళీ పేజీ తీసి, రెండు అంకెలు రాశాం. అప్పు చేయకుండా నాలుగేళ్లలో మేము పెట్టగలిగింది ఒకటి, అప్పుతో కలిపి పెట్టగలిగింది రెండోది. వాటి కింద ముగ్గురం సంతకాలు చేసి, ఆ పేజీ ఫొటో తీసి ముగ్గురి ఫోన్లలో పెట్టుకున్నాం. ఆ తర్వాత వచ్చిన ఆరేడు వారాల్లో బంధువులు, ఏజెంట్లు, పక్కింటివారు ఎన్ని చెప్పినా మేము స్థిమితంగా ఉండగలిగామంటే ఆ పేజీ వల్లనే. ఆ అనుభవంతోనూ, ఆ తర్వాత హైదరాబాద్ మియాపూర్‌లోని మా అపార్ట్‌మెంట్లో నాలుగైదు కుటుంబాలకు ఆప్షన్లు పెట్టడంలో తోడున్న అనుభవంతోనూ ఇది రాస్తున్నాను. కాలేజీ పేరు ఇంట్లో వినపడకముందే అంకె నిర్ణయం కావాలి. పేరు ముందు వస్తే అంకె దాని వెంట సాగుతూ పోతుంది, ఎక్కడ ఆగాలో ఎవరికీ తెలియదు.

చేతిలో సీటు ఉంచుకొని ఎదురుచూడటం

మన దగ్గర వెయిటింగ్ లిస్టు అంటే చాలావరకు విడతల వారీ కౌన్సెలింగే. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో మొదటి విడత, రెండో విడత, తుది విడత ఉంటాయి. ఆ తర్వాత అదే కాలేజీలో బ్రాంచి మార్చుకునే ఇంటర్నల్ స్లైడింగ్, చివర్లో మిగిలిపోయిన సీట్లకు స్పాట్ అడ్మిషన్లు జరుగుతాయి. ఐఐటీలు, ఎన్ఐటీల సీట్లు జోసా అనే జాతీయ ఉమ్మడి కౌన్సెలింగ్ రౌండ్లలో భర్తీ అవుతాయి. బిట్స్ పిలానీ తన హైదరాబాద్ క్యాంపస్‌తో సహా అన్ని చోట్లా సీట్లను తన సొంత ప్రవేశ పరీక్ష బిట్‌శాట్ మార్కులతో వేరుగా, పలు దఫాలుగా నింపుతుంది. ప్రైవేటు విశ్వవిద్యాలయాలు ఎవరి తేదీలు వారు పెట్టుకుంటాయి. ఈ తేదీలు ఒకదానితో ఒకటి పొసగవు. ఒకచోట ఫీజు కట్టే గడువు ముగిసిన రెండు రోజులకు మరోచోట ఫలితం వస్తుంది. అందువల్ల చేయవలసిన మొదటి పని ఒకే క్యాలెండర్ మీద అన్ని కౌన్సెలింగుల తేదీలనూ, ముఖ్యంగా డబ్బు కట్టవలసిన తేదీలనూ, డబ్బు నష్టపోకుండా వదులుకోగలిగిన చివరి తేదీలనూ వేర్వేరు రంగుల్లో గుర్తు పెట్టుకోవడం. మొదటి రకం తేదీలు అందరూ రాసుకుంటారు. రెండో రకం తేదీలు రాసుకున్నవారు నాకు చాలా తక్కువ మంది కనిపించారు.

ఎదురుచూడటంలో తప్పు లేదు, వట్టి చేతులతో ఎదురుచూడటమే ప్రమాదం. మొదటి విడతలో వచ్చిన సీటు నచ్చలేదని ఫీజు కట్టకుండా, సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు తీసుకుంటున్నామని ఆన్‌లైన్లో నమోదు) చేయకుండా వదిలేస్తే ఆ సీటు రద్దవుతుంది, రెండో విడతలో అంతకంటే మంచిది వస్తుందన్న హామీ ఏమీ ఉండదు. ముందు దాన్ని ఖాయం చేసుకుని, ఆపైన రెండో విడతకు ఆప్షన్లు పెట్టుకోవాలి.

ఇక్కడే చాలామంది దెబ్బతినే మెలిక ఒకటి ఉంది. రెండో విడతలో కొత్త సీటు వచ్చిందంటే పాత సీటు తనంతట తానే రద్దయిపోతుంది, బతిమాలినా వెనక్కి రాదు. మా పై అంతస్తులోని అబ్బాయికి మొదటి విడతలో ఇంటికి దగ్గరలో, మంచి కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్ బ్రాంచి) వచ్చింది. రెండో విడతలో ఊరికే చూద్దామని ఓ ముప్పై కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ ఆప్షన్లు పెట్టారు. అందులో ఇరవై ఎనిమిదో ఆప్షన్ తగిలింది. ఎవరూ వెళ్లి చూడని, ఎప్పుడూ అనుకోని కాలేజీ అది. తెల్లవారి లేచి చూసుకునేసరికి ఈసీఈ సీటు పోయింది. వాళ్లమ్మ ఆ కాగితం పట్టుకుని మా గుమ్మంలో నిలబడినప్పుడు నా దగ్గర చెప్పడానికి ఏమీ లేకపోయింది. కాబట్టి రెండో విడతలో పెట్టే ప్రతి ఆప్షన్ ముందూ ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది వస్తే, చేతిలో ఉన్నదాన్ని వదిలి ఇవాళే సంతోషంగా వెళ్తామా? వెళ్లం అనిపిస్తే దాన్ని కొట్టేయండి. మూడే ఆప్షన్లు మిగిలితే మూడే పెట్టండి.

జోసాలో ఇదే విషయాన్ని ఫ్రీజ్, ఫ్లోట్, స్లైడ్ అనే మూడు మాటల్లో అడుగుతారు. వచ్చిన సీటు చాలు, ఇక ముందుకు పోను అంటే ఫ్రీజ్. దీన్ని ఉంచుకుంటూ నా జాబితాలో పైనున్న ఏ సంస్థలోనిదైనా వస్తే తీసుకుంటాను అంటే ఫ్లోట్. ఇదే సంస్థలో పైనున్న బ్రాంచి మాత్రమే కావాలంటే స్లైడ్. ఇక్కడా మెరుగైనది వస్తే పాతది పోతుంది. ఐఐటీ సీటును అంగీకరించి ఉంచుకున్న విద్యార్థికి మరుసటి ఏడాది జేఈఈ అడ్వాన్స్‌డ్ రాసే అర్హత ఉండదు. మరో ఏడాది ప్రయత్నించాలన్న ఆలోచన ఏమాత్రం ఉన్నా, జోసా ఉపసంహరణకు ఇచ్చే గడువు లోపలే తేల్చుకోవాలి.

ఆప్షన్లను ఇష్టం వరుసలోనే పెట్టాలి. వచ్చే అవకాశం ఎక్కువ ఉన్నవాటిని పైన పెడితే సీటు గ్యారంటీ అవుతుందనీ, రాని కాలేజీని పైన పెడితే ఆప్షన్ వృథా అవుతుందనీ చాలామంది భయపడతారు. అది నిజం కాదు. మీ ర్యాంకుకూ కేటగిరీకీ అందే సీట్లలో మీ జాబితాలో అన్నిటికంటే పైన ఉన్నదాన్నే కంప్యూటర్ ఇస్తుంది. రాని కాలేజీని పైన పెట్టినందుకు కిందివాటిలో మీ అవకాశం తగ్గదు. గత ఏడాది ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఏ ర్యాంకు దగ్గర ఆగిందో తెలిపే పట్టికలు కౌన్సెలింగ్ వెబ్‌సైట్లో ఉంటాయి. వాటిని చూసేటప్పుడు మీ కేటగిరీ, అమ్మాయా అబ్బాయా అన్న గడి, ఏ విడత పట్టిక అన్న మూడింటినీ సరిచూసుకోవాలి. తుది విడత పట్టిక చూసి మొదటి విడతలోనే ఆ సీటు రాలేదని కుంగిపోయిన ఇళ్లు నేను చూశాను. తుది ఆప్షన్లకు ముందు మాక్ కేటాయింపు ఇస్తే, దాన్ని చూసి వరుస సరిదిద్దుకునే అవకాశాన్ని వదలకండి.

నాలుగేళ్ల ఖర్చు లెక్క

కాలేజీవారు చెప్పేది ఏడాది ట్యూషన్ ఫీజు. ఇల్లు మోసేది నాలుగేళ్ల మొత్తం ఖర్చు. నోటుపుస్తకంలో ప్రతి కాలేజీకీ ఒక పేజీ కేటాయించి, ట్యూషన్, పరీక్ష ఫీజులు, యూనివర్సిటీకి కట్టే ఇతర రుసుములు, కాలేజీ బస్సు లేదా మెట్రో పాసు, హాస్టల్ అయితే గదీ భోజనమూ, పుస్తకాలు అన్నీ వేసి నాలుగేళ్లకు గుణించి, ల్యాప్‌టాప్ ఖర్చు ఒక్కసారి కలపండి. ఫీజు ఏటా పెరుగుతుందా, ఎంత శాతం పెరుగుతుంది అన్నది ప్రైవేటు విశ్వవిద్యాలయాల విషయంలో రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల ఫీజులను తెలంగాణ ప్రవేశాలు, రుసుముల నియంత్రణ కమిటీ సిఫార్సు మీద మూడేళ్లకోసారి ఖరారు చేస్తారు. 2022లో ఖరారు చేసినప్పుడు కనీస రుసుము 45,000 రూపాయలుండగా, పేరున్న కాలేజీల్లో అది లక్షన్నర దాకా, ఇంకా పైకి వెళ్లింది. అంటే ఒకే ర్యాంకుతో, కౌన్సెలింగ్ ద్వారా ఇచ్చే ఒకే కన్వీనర్ కోటాలో, నాలుగేళ్లకు నాలుగు లక్షలకు పైగా తేడా వచ్చే సీట్లు పక్కపక్కనే ఉంటాయి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఈ లెక్కను పూర్తిగా మార్చేస్తుంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు పూర్తి ఫీజు, ఎప్‌సెట్‌లో 10,000 లోపు ర్యాంకు వచ్చిన అర్హులైన బీసీ, ఈబీసీ (ఆర్థికంగా వెనుకబడిన) విద్యార్థులకు పూర్తి ఫీజు, ఆపై ర్యాంకుల బీసీ, ఈబీసీలకు ఏడాదికి గరిష్ఠంగా 35,000 రూపాయలు అన్నది చాలా ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి. బీసీ, ఈబీసీలకు కుటుంబ వార్షికాదాయం పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షల రూపాయలు దాటకూడదు. 12,000 ర్యాంకు వచ్చిన బీసీ విద్యార్థి లక్షన్నర ఫీజున్న కాలేజీలో చేరితే ఏడాదికి లక్షా పదిహేను వేలు తానే భరించాలి. 45,000 ఫీజున్న చోట తన వంతు పది వేలే. కాలేజీ యాజమాన్యమే నింపుకునే మేనేజ్‌మెంట్ కోటాకూ, స్పాట్ అడ్మిషన్లకూ ఈ సాయం వర్తించదు. స్పాట్‌లో మంచి బ్రాంచి వచ్చిందని కన్వీనర్ సీటు వదులుకునేవారు ఈ ఒక్క మాట తప్పకుండా గుర్తుంచుకోవాలి. ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమై, కోర్సు పూర్తయ్యాక సర్టిఫికెట్ల కోసం విద్యార్థినే ముందు కట్టమన్న సందర్భాలూ ఉన్నాయి కనుక, ఒక ఏడాది ఫీజు మేరకు విడిగా దాచుకుంటే మంచిది. ఆదాయ ధ్రువీకరణ పత్రానికి మీసేవలో ముందుగానే దరఖాస్తు పెట్టండి. ఆ ఏడాది జనవరి 1 తర్వాత జారీ అయినదే అడుగుతారు. కుల ధ్రువీకరణ, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు కూడా ఒకే సంచిలో ఉంచండి.

ఇక అప్పు. చాలామంది నెలవారీ వాయిదా ఎంతో అడుగుతారు గానీ చదువు నడుస్తున్న కాలంలో పేరుకునే వడ్డీని లెక్కలోకి తీసుకోరు. ఏడాదికి ఐదు లక్షల చొప్పున నాలుగేళ్లలో ఇరవై లక్షలు, పది శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం. చదువు కాలమూ, ఆపైన ఒక ఏడాదీ వాయిదాలు కట్టనక్కర్లేదు. కానీ మొదటి ఐదు లక్షలు ఐదేళ్ల పాటు, రెండోవి నాలుగేళ్లు, మూడోవి మూడేళ్లు, నాలుగోవి రెండేళ్లు వడ్డీ పెడతాయి. మామూలు వడ్డీ వేసినా అది ఏడు లక్షలు. వాయిదాలు మొదలయ్యే రోజుకు బాకీ ఇరవై ఏడు లక్షలవుతుంది, పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 35,700 రూపాయలు కట్టాలి. ఇప్పుడే ఉద్యోగంలో చేరిన ఇరవై రెండేళ్ల బిడ్డ జీతంలో ఆ మొత్తం పోయాక గది అద్దెకూ తిండికీ ఎంత మిగులుతుందో, ఆ బిడ్డనే కాగితం మీద వేయమనండి. మా అమ్మాయి ఆ లెక్క తానే వేసి, పెన్ను కింద పెట్టి, ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం పేరును తానే కొట్టేసింది. మేము చెప్పి ఉంటే వినేది కాదేమో.

అప్పు తప్పదనుకుంటే ముందుగా ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకం పరిధిలో మీ సంస్థ ఉందో లేదో చూడండి. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఈ పథకంలో, జాబితాలోని సంస్థల విద్యార్థులకు తాకట్టు, హామీదారు లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉండి, మరే ప్రభుత్వ ఉపకార వేతనమూ, వడ్డీ రాయితీ అందనివారికి పది లక్షల వరకు రుణంపై మూడు శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది.

పేరుకు ఎంత చెల్లించవచ్చు

పేరుకు విలువ లేదని నేను అనను. పేరున్న కాలేజీకి ఎక్కువ కంపెనీలు వస్తాయి. పక్క బెంచీలో కూర్చునే పిల్లల పట్టుదల అంటుకుంటుంది. పదేళ్ల తర్వాత కూడా సీనియర్లు పలకరిస్తారు. అయితే పేరూ ఖర్చూ ఎప్పుడూ కలిసి పెరగవు, ఇది మన ఊళ్లో చాలామంది గమనించని విషయం. ఐఐటీలో ట్యూషన్ ఏడాదికి రెండు లక్షలు. కుటుంబ ఆదాయం లక్ష లోపు ఉంటే అది పూర్తిగా మాఫీ, లక్ష నుంచి ఐదు లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు పూర్తిగా మాఫీ. ఎన్ఐటీలలో ట్యూషన్ లక్షా పాతిక వేలు, అక్కడా ఇటువంటి మాఫీలే ఉన్నాయి. కంది దగ్గరి ఐఐటీ గానీ, వరంగల్ ఎన్ఐటీ గానీ, ఆదాయం తక్కువున్న ఇంటికి గండిపేట వైపు ప్రైవేటు కాలేజీ కంటే చౌక పడవచ్చు. హాస్టల్ ఖర్చు కలిపి చూడాలి సుమా. అలాగే ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీ, కూకట్‌పల్లి జేఎన్టీయూ కాలేజీల్లోని రెగ్యులర్ కోర్సుల ఫీజు పేరున్న ప్రైవేటు కాలేజీల కంటే చాలా తక్కువ. భవనాలు పాతవని, ఏసీ లేదని వాటిని జాబితాలో కిందికి దించేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

రెండు సీట్ల మధ్య ఊగిసలాడుతున్నప్పుడు, ఖర్చులోని తేడాను ఒక అంకెగా రాసి, దాని పక్కన ఆ తేడాకు ఏమేం వస్తున్నాయో పేరుపెట్టి రాయాలి. "మంచి కాలేజీ" అని రాస్తే చాలదు. మీ బ్రాంచికి బోధన నాణ్యతను పరిశీలించి ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపు ఉందా అని రాయండి, ఆ గుర్తింపు కాలేజీ మొత్తానికి కాక కోర్సుల వారీగా వస్తుంది. కేంద్ర ప్రభుత్వ ర్యాంకింగ్ అయిన ఎన్ఐఆర్ఎఫ్‌కు కాలేజీలు సమర్పించే వివరాల్లో ఎంతమంది చదువు ముగించారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, జీతాల్లో మధ్య విలువ ఎంత అన్నవి ఉంటాయి. ఫ్లెక్సీల మీద కనిపించే అత్యధిక ప్యాకేజీ ఒక్క విద్యార్థిది. ఉద్యోగం వచ్చినవారిని జీతం వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ ఉండే పిల్లవాడి జీతం ఎంతో ఆ మధ్య విలువ చెబుతుంది. మీ బిడ్డ అక్కడ ఉండవచ్చునన్న ఊహతోనే లెక్క వేయండి. తేడా ఎదురుగా రాయడానికి రెండు గట్టి కారణాలైనా దొరక్కపోతే, ఆ తేడాను బ్యాంకులో ఉంచుకోవడమే నా సలహా.

కంప్యూటర్ సైన్స్ అన్న పేరు కోసమే చెల్లించే డబ్బు విషయంలో నేను ఇంకా కఠినంగా ఉంటాను. మంచి కాలేజీలో కన్వీనర్ కోటా ఈసీఈనో ఈఈఈనో (ఎలక్ట్రికల్) ఉండగా, సాధారణ కాలేజీలో బీ కేటగిరీ, అంటే యాజమాన్య కోటా, కంప్యూటర్ సైన్స్‌కు పలు రెట్లు పోసే ముందు, ఆ పిల్లకో పిల్లాడికో ప్రోగ్రామింగ్ మీద నిజంగా ఇష్టం ఉందో లేదో నెల రోజులు సీ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పించి చూడండి. ఎదురుచూసే వారాలు అందుకు సరిపోతాయి.

కాలేజీని చూడటానికి ఆదివారం కాకుండా, క్లాసులు జరిగే రోజున, బస్సు వెళ్లే వేళకు వెళ్లండి. ఎల్బీ నగర్ నుంచి బాచుపల్లి వెళ్లే కాలేజీ బస్సు ఎక్కాలంటే పిల్లలు ఉదయం ఆరున్నరకే స్టాపులో ఉండాలి. ఒక జూలై ఉదయం సన్న జల్లులో అలా నిలబడ్డ ఓ అమ్మాయిని పలకరించాను. భుజానికి బ్యాగు, చేతిలో టిఫిన్ డబ్బా, కళ్లలో ఇంకా నిద్ర. ఇంటికి తిరిగి వచ్చేసరికి సాయంత్రం ఆరు దాటుతుందని, బస్సులోనే రికార్డులు రాసుకుంటానని చెప్పింది. రోజుకు మూడు గంటల ప్రయాణం నాలుగేళ్లకు ఎంత అవుతుందో కూడా నోటుపుస్తకంలోని ఖర్చు గడిలో రాయవలసినదే.

ఏజెంట్ల ఫోన్లు, అడ్వాన్సులు

ఫలితాలు వచ్చిన గంటకే ఫోన్లు మొదలవుతాయి. "రెండే సీట్లున్నాయి, సాయంత్రంలోగా యాభై వేలు వేయండి" అనే గొంతుకు ఒకటే జవాబు ఇవ్వండి: కాలేజీ పేరున, కాలేజీ ఖాతాకు, రసీదుతోనే కడతాం. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటాకూ 30 శాతం యాజమాన్య కోటాకూ వెళ్తాయి. ఆ 30 శాతంలో కూడా నిర్ణీత రుసుముకు మించి డొనేషన్ తీసుకోవడం నేరమే. క్యాపిటేషన్ ఫీజును నిషేధించే చట్టం 1983లోనే వచ్చింది. రసీదు లేని డబ్బు తిరిగి రాదు, అడిగే దారీ ఉండదు.

మేము కూడా ఒక కాలేజీలో తొందరపడి సీటు ఖాయం చేసుకుని, టీసీతో సహా ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేశాం. తర్వాత కన్వీనర్ కోటాలో సీటు వచ్చి తిరిగి అడిగితే పదకొండు రోజులు తిప్పారు. చివరికి నిబంధన ప్రతిని ముద్రించి, లిఖితపూర్వక దరఖాస్తుకు జతచేసి, ఇన్‌వార్డు ముద్ర వేయించుకున్నాకనే ఇచ్చారు. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ నిబంధన ప్రకారం కోర్సు మొదలు కాకముందు సీటు వదులుకుంటే గరిష్ఠంగా వెయ్యి రూపాయలు మినహాయించి మిగతా ఫీజు వెనక్కి ఇవ్వాలి, ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదు. సీటు వదులుకునే దరఖాస్తు ఎప్పుడూ తేదీతో, కాగితం మీద ఇవ్వండి, అదే రోజు ఈమెయిల్ కూడా పంపండి. ఫోన్‌లో చెప్పిన మాట లెక్కలోకి రాదు.

ఇంట్లో పిల్లలు ఎలా ఉన్నారో చూసుకోండి

ఈ వారాల్లో అన్నిటికంటే ఎక్కువ నలిగేది ఆ పదిహేడేళ్ల బిడ్డ. ఫోన్ చేసిన ప్రతి పెదనాన్నా, అత్తయ్యా "ఎక్కడొచ్చింది?" అని అడుగుతారు. ఆ ఫోన్లు పెద్దవాళ్లే తీసి, "కౌన్సెలింగ్ ఇంకా నడుస్తోంది, అయ్యాక మేమే చెబుతాం" అని ముగించండి. వెబ్‌సైటును రోజుకు రెండుసార్లు, నిర్ణీత వేళల్లోనే చూడాలని ఇంట్లో నియమం పెట్టుకోండి. కేటాయింపు వచ్చే రాత్రి ఒంటరిగా ఫోన్ పట్టుకుని కూర్చోనివ్వకండి, పక్కన ఉండండి. పక్కింటి అబ్బాయి ర్యాంకుతో పోల్చే మాట ఒక్కటి కూడా ఆ రాత్రి ఇంట్లో వినపడకూడదు. అన్నం సరిగా తినకుండా, నిద్రపోకుండా, తలుపు వేసుకుని రోజుల తరబడి మౌనంగా ఉంటే కౌన్సెలింగ్ సంగతి పక్కన పెట్టి ముందు వైద్యులకు చూపించండి.

తుది విడత కేటాయింపు వచ్చిన రోజున అలాట్‌మెంట్ ఆర్డర్ రెండు ప్రతులు తీసి, ఫీజు రసీదు, సెల్ఫ్ రిపోర్టింగ్ కాగితం కలిపి సంచిలో పెట్టండి. కాలేజీలో స్వయంగా హాజరు కావలసిన గడువును పాత క్యాలెండర్ మీదే రాయండి. మిగతాచోట్ల పట్టి ఉంచిన సీట్లు ఏవైనా ఉంటే ఆ సాయంత్రమే వదులుకుంటున్నట్టు రాసి పంపండి. వాటి కోసం తర్వాతి విడతలో మరో ఇంటివారు మనలాగే ఎదురుచూస్తుంటారు.